కౌంటరు మీద ఎర్ర సున్నా

మొన్న మధ్యాహ్నం ఒక కుర్రాడు మా కొట్టుకొచ్చి, కౌంటరు మీద మోచెయ్యి ఆనించి, "బాబాయ్ గారూ, మీరు ఒక్క మాట చెబితే రాకెట్ కంపెనీలో ఉద్యోగం వస్తుందటగా?" అన్నాడు.

కృష్ణానగర్‌లో ఇలాంటి ప్రశ్నకు ఎవరూ ఆశ్చర్యపోరు. సినిమాలో గుంపులో నిలబడే వేషానికి కూడా ఎవరో ఒకరు చెప్పాల్సిన చోటు ఇది. ఆ లెక్కన రాకెట్టుకు కూడా ఎవరో చెప్పే ఉంటారని, ఆ చెప్పినవాణ్ణి నేనేనని వీధిలో స్థిరపడిపోయింది. కాదంటే ఇంకా గట్టిగా నమ్ముతున్నారు. గట్టిగా కాదనాలని నాకూ లేదు. ఈ వయసులో ఊరికే వచ్చిన పరపతిని ఎవరు వదులుకుంటారు?

కుర్రాడి మోచేతి పక్కన, కౌంటరు ఎడమ మూల, ఎర్ర మార్కరుతో గీసిన సున్నా ఒకటుంది. "ఇదేంటి బాబాయ్?" అని వేలు పెట్టి చూపించాడు. ఆ వేలు పెట్టగానే ఆ పిల్ల గుర్తొచ్చింది.

పిల్ల అని నేనంటాను గాని, మా కొట్టుకు మొదటిసారి వచ్చేనాటికే ముప్ఫైకి దగ్గరపడిన మనిషి. మాది సినిమావాళ్ళ సామాను అమ్మే కొట్టు. రెజిన్, హార్డెనర్, గాజునార గుడ్డ, పుట్టీ, బ్రష్షులు. హీరోలు పైన జూబ్లీహిల్స్‌లో ఉంటారు. వాళ్ళు తొడుక్కునే కవచాలు మాత్రం కింద మా సందుల్లో పుడతాయి. మోల్డు మీద గాజునార గుడ్డ పరిచి, జిగురులాంటి రెజిన్ పూసి, మళ్ళీ గుడ్డ, మళ్ళీ రెజిన్, అలా పొరలు వేసి ఆరబెడితే ఇనుములా కనబడే కవచం, రాయిలా కనబడే స్తంభం తయారవుతాయి. దాన్నే ఫైబర్ పని అంటారు. ఆమె ఆ పని మేనమామ దగ్గర నేర్చుకుంది. ఐటీఐ సర్టిఫికెట్టు కూడా ఉందని చాలా రోజులకు గాని చెప్పలేదు.

వచ్చిన మొదటిరోజే నా పరువు తీసింది. మా కౌంటరుకు ఒక చరిత్ర ఉంది. ఏదో దర్బారు సెట్టు విప్పుతుంటే సింహాసనం కింది మెట్టును నేను బేరమాడి తెచ్చి కౌంటరుగా బిగించుకున్నాను. ఎంత చవగ్గా కొట్టుకొచ్చానో కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. ఆమెకూ చెప్పాను. ఆమె పర్సులోంచి రూపాయి బిళ్ళ తీసి, చెవి వంచి, కౌంటరు పొడుగునా కొట్టుకుంటూ వచ్చింది. టక్, టక్, టక్. ఎడమ మూలకొచ్చేసరికి, ఠప్.

"సేటూ, నిన్ను మంచిగ ముంచిండ్రు. గీడ లోపల బోలు ఉన్నది. పొరకు పొర అంటుకోలె."

"బానే ఉంది కదమ్మా, నున్నగా!"

"కండ్లకు నున్నగనే ఉంటది. సప్పుడు ఇను."

తెనాలిలో మా నాన్నను షావుకారు గారనేవాళ్ళు. నేను ఇక్కడికొచ్చి సేటునయ్యాను. షావుకారు కొడుకుని ఒక మెట్టు విషయంలో మోసం చేశారన్న మాట నలుగురి ముందు బయటపడటం నాకు నచ్చలేదు. మర్నాటి నుంచి ఆ మూల మీద ఎంసీల్ డబ్బా ఒకటి పెట్టడం మొదలుపెట్టాను.

ఆ డబ్బా ఆమెకేం అడ్డు కాలేదు. బేరంలో ఆమె నోరు విప్పేది కాదు. నేను ధర చెప్పగానే ఎంసీల్ డబ్బాను పక్కకు జరిపి, రూపాయి బిళ్ళతో ఆ మూల మీద తాపీగా కొట్టేది. ఠప్. ఠప్. కొట్లో వేరే గిరాకీ ఉంటే ఇంకొంచెం గట్టిగా. నేను ధర తగ్గించేవాణ్ణి. చిన్నప్పటి నుంచి గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి, ఎంతమందితో బేరాలాడానో. చప్పుడుతో గెలిచింది మాత్రం ఆమె ఒక్కతే. మాటలతో గెలిచేది మా ఆవిడ.

ఆ బిళ్ళ ఆమె చేతిలో ఊరుకునేది కాదు. రాక్షసుడి తలను కొట్టి చూసేది, ఆటోవాడి బంపరును కొట్టి చూసేది. యూసఫ్‌గూడ దారిలో పుచ్చకాయల బండి దగ్గర అన్ని కాయలూ కొట్టి, ఏది గుల్లదో పైకే చెప్పేసేదట. బండివాడు ఆమె కనబడితే బండి తిప్పుకునేవాడు. పనికి వెళ్ళే ముందు మోచేతుల దాకా టాల్కం పౌడరు దట్టించుకునేది. గాజునార నలక చర్మంలో దిగితే రోజంతా దురద. పౌడరు రాస్తే దిగదు. ఆ తెల్లచేతులతో సందులో నడిచి వస్తుంటే, "అక్కా, ఇయ్యాల ఏం వేషం?" అని డాన్సు పిల్లలు ఆటపట్టించేవాళ్ళు. "దయ్యం వేషమే. రాత్రికొస్త, తలుపు తియ్యి" అనేది.

ఆమెకు ఒక్కటే కష్టం ఉండేది. అదీ ఒకసారి వేరే మాటల మధ్యలో బయటపడింది.

"నేను చేసినయి ఒక్కటి గూడ లేవు సేటూ. షూటింగ్ అయినంక పలగ్గొడ్తరు."

"డబ్బులిచ్చారుగా?"

"ఇచ్చిండ్రు."

"మరింకేం?"

"ఏం లేదు."

ఆ పలగ్గొట్టేవి కూడా తగ్గుతూ వచ్చాయి. ఇప్పుడు హీరో ఆకుపచ్చ తెర ముందు చొక్కాతో నిలబడితే చాలు, కవచం కంప్యూటర్లో తొడుగుతున్నారు. నా రెజిన్ డబ్బాల మీద దుమ్ము చేరింది. ఆమెకు నెలలో సగం రోజులు పిలుపు లేదు. మేనమామ పని మానేసి ఊరికి వెళ్ళిపోయాడు. గది కిరాయి మాత్రం ఎక్కడికీ వెళ్ళదు కదా.

అలాంటి రోజుల్లో, మెళ్ళో కంపెనీ కార్డు వేలాడేసుకున్న ఒక యువకుడు కొట్టుకొచ్చాడు. మోల్డుకు రాసే మైనం అర్జెంటుగా కావాలన్నాడు. నేను చెప్పిన ధరకు బేరమాడలేదు. డబ్బా మీద తయారైన తేదీ, బ్యాచి నంబరు చూసి ఫోటో తీసుకున్నాడు. బేరమాడనివాడు దొంగైనా అయ్యుండాలి, గవర్నమెంటువాడైనా అయ్యుండాలని మా నాన్న అనేవాడు. అందుకని అడిగాను, ఏం కంపెనీ అని. నగరం శివార్లలో ఒక ప్రైవేటు రాకెట్ కంపెనీ అట. అక్కడే గాజునార తూకం వేయించుకుంటున్న ఆమె తల తిప్పింది.

"రాకెట్ల మైనంతోని ఏం పని సార్?"

"రాకెట్ కొసన టోపీలా ఉంటుంది కదా మేడమ్, లోపల ఉపగ్రహం పెట్టేది. అది మోల్డు మీద చేస్తాం. కార్బన్ ఫైబర్."

"మిషన్‌తోని పరుస్తరా?"

"లేదు, చేత్తోనే."

"చేతితోనే?"

"చేత్తోనే మేడమ్. పొర మీద పొర."

అతను వెళ్ళిపోయాక కూడా ఆమె గుమ్మం వైపే చూస్తోంది. తూకం నేను కొంచెం అటూ ఇటూ వేసినా పట్టించుకోలేదు. అప్పుడర్థమైంది నాకు, ఇది పెద్ద వ్యవహారమని.

మర్నాడే బయలుదేరింది. ఎలా వెళ్ళాలో ఇద్దరికీ తెలియదు. తెలిసిందల్లా ఫిల్మ్‌నగర్ పద్ధతి. మంచి చీర కట్టుకుని, తను చేసిన కవచాల ఫోటో ఆల్బం సంచిలో పెట్టుకుంది. ఉత్త చేతులతో వెళ్ళకూడదని నేను మిఠాయి పొట్లం ఇచ్చాను. పొద్దున్నే వెళ్ళి గేటు దగ్గర నిలబడింది, కారులో వచ్చేవాళ్ళందరికీ నమస్కారం పెడుతూ. గేటు దగ్గరి వాచ్‌మన్ చాలాసేపు చూసి, "అమ్మా, ఇక్కడ ఛాన్సులియ్యరు. వెబ్‌సైట్‌ల పెట్టుకోవాలె" అని పంపేశాడట. మిఠాయి మాత్రం తీసుకున్నాడు.

మా కొట్లోనే కూర్చుని వెబ్‌సైట్‌లో పెట్టాం. హీరోల పేర్లన్నీ రాయమన్నాను. ఆమె రాయలేదు, ఐటీఐ రాసింది, ఫైబర్ పని అని రాసింది. టెక్నీషియన్ పరీక్షకు పిలుపొచ్చింది. వెళ్ళే ముందు నేను మా నాన్న మాట ఒకటి దానం చేశాను. "అమ్మా, సరుకులో లోపం ఉంటే కొనేవాడు అడిగేదాకా చెప్పకూడదు. సొట్టపడిన డబ్బా వెనక వరసలో పెట్టుకోవాలి."

"అది నాకు కొత్తేంది సేటూ? మా పనే అది" అంది.

పరీక్షలో చిన్న మోల్డు ఇచ్చి పొరలు పరచమన్నారు. పరిచింది. పొయ్యిలో కాలి బయటికొచ్చాక చూస్తే మూలలో గాలిబుడగ, సూదిమొనంత గుంట. సినిమా చెయ్యి కదా, ఊరుకుంటుందా? రుద్దిన పొడిలో చుక్క రెజిన్ కలిపి గుంట పూడ్చి, నున్నగా అద్దంలా చేసి ఇచ్చింది. లోపమేమైనా ఉందా అని అడిగారు. ఏం లేదంది. వాళ్ళు ఆ ముక్కను రంపంతో నిలువునా కోశారు.

తిరిగొచ్చి కౌంటరు ముందు నిలబడి మండిపడింది. "అంత మంచిగ కప్పిన సేటూ! ఫిల్మ్‌నగర్ల ఎవ్వనికన్న దొరుకుతదా అది?"

"ఏమన్నారు మరి?"

పరీక్ష పెట్టిన ఇంజనీరు, నడివయసు మనిషి, నెమ్మదిగానే చెప్పాడట. "బుడగ వచ్చినందుకు కాదమ్మా. బుడగ మాకూ వస్తుంది. దాన్ని మాకు దొరక్కుండా చేశారు చూడండి, అంత బాగా దాచగల చెయ్యంటే మాకు భయం. ఆ అలవాటు పోయాక మళ్ళీ అప్లై చెయ్యండి."

నాకు ఆ మాట మింగుడు పడలేదు. దాచడం చాతకానివాణ్ణి పనిలోకి తీసుకుంటారా ఎవరైనా? ఆమె మాత్రం కాసేపు రూపాయి బిళ్ళ వేళ్ళ మధ్య తిప్పి, వెళ్తూ వెళ్తూ ఎర్ర మార్కరు ఒకటి కొనుక్కుంది. బేరమాడలేదు.

అలవాటు పోగొట్టుకోవడానికి ఆమె ఎంచుకున్న దారి ఏమిటంటే, చేస్తున్న ప్రతి సినిమా వస్తువు మీదా తప్పు ఉన్నచోట ఎర్ర సున్నా చుట్టడం. బోలు ఉంటే సున్నా. బుడగ వస్తే సున్నా. పెయింటు వేసేవాళ్ళు ముందు నవ్వారు, తర్వాత విసుక్కున్నారు. ఫిల్మ్‌నగర్‌లో ఒక రాజుగారి కవచం దగ్గర వ్యవహారం ముదిరింది. షూటింగ్ మొదలయ్యే వేళకు ఆర్ట్ డైరెక్టరు వచ్చి చూస్తే, రాజుగారి రొమ్ము నిండా ఎర్ర సున్నాలు.

"ఏంటమ్మా ఇది? మహారాజుకి తట్టు పోసిందా?"

"లోపల గాలి ఉన్నది సార్. తెలవాలె గద."

"ఎవరికి తెలవాలి? కెమెరాకా?"

"నాకు సార్."

"నీకు తెలిస్తే మనసులో పెట్టుకో! రాజుగారి గుండెల మీద రాస్తావా?"

ఆ తర్వాత ఆమెకు పిలుపులు ఆగిపోయాయి. కృష్ణానగర్‌లో ఒక మనిషికి పిచ్చి పట్టిందని పేరొస్తే, పాట షూటింగ్ కబురు కన్నా వేగంగా పాకుతుంది. నేను తిట్టాను. "చేతిలో ఉన్న పని పోగొట్టుకుని, రాని ఉద్యోగానికి ప్రాక్టీసేంటమ్మా?" అన్నాను. "చెయ్యికి తెల్వది సేటూ, ఇది సినిమా, అది రాకెట్ అని. ఒక్క చెయ్యే గద" అంది. ఇక ఆమెకు మిగిలింది ఆ ఒక్క కంపెనీ. అదీ కాకపోతే గది ఖాళీ చేసి ఊరికి పోవడమే. ఆ మాట ఆమె అనలేదు. సామాన్లకు అట్టపెట్టెలున్నయా అని అడిగింది, అంతే.

రెండోసారి పిలిచారు.

ఈసారి ఇచ్చింది జిగురు ముందే పట్టించిన నల్లగుడ్డ. దాని మీద నీలం ప్లాస్టిక్ పొర ఒకటి అంటి ఉంటుంది. పరిచే ముందు ఆ నీలం పొర ఒలిచేయాలి. ఒక్కటి ఒలవడం మర్చిపోతే అది రెండు నల్లపొరల మధ్య ఇరుక్కుపోతుంది, అక్కడ అతుకు పడదు, పైనుంచి చూస్తే తెలియదు. అందుకని ఒలిచిన నీలం పొరలన్నీ దాచి, పరిచిన నల్లముక్కలతో సరిచూసి అప్పగించాలి.

ఆ సాయంత్రం ఆమె కొట్టుకొచ్చేసరికి నేను టీ తాగుతున్నాను. టీ తెచ్చినతను గ్లాసు కోసం నిలబడి ఉన్నాడు. ఆమె స్టూలు మీద కూర్చుంది.

"ఖరాబు చేసుకున్న సేటూ."

"మళ్ళీ బుడగా?"

"బుడగ లేదు. ముక్క మంచిగ వచ్చింది. సప్పుడు గూడ మంచిగనే ఉన్నది. నీలం పొరలు లెక్కపెడితే ఒకటి తక్కువున్నది. లోపల్నే ఉండిపోయినట్టున్నది."

"వాళ్ళు లెక్కపెట్టారా?"

"లేదు. ఆడ పెట్టి పొమ్మన్నరు."

"మరి వాళ్ళకెలా తెలిసింది?"

"నేనే చెప్పిన."

టీ గ్లాసు కౌంటరు మీద పెట్టేశాను. "ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు! చప్పుడు బాగుందంటున్నావు! నీకు నువ్వే ఎందుకు చెప్పుకున్నావమ్మా?"

"పైకి పోయినంక ఎవడు పుట్టీ కొడ్తడు సేటూ?"

టీ అతను నా మొహం చూశాడు, నేను అతని మొహం చూశాను. రేపు ముక్కను కోసి చూస్తామన్నారట. పొర లోపల దొరికితే పరీక్ష పోయినట్టే. ఆమె లేచి, అట్టపెట్టెలు చూసుకుందామని వెనక్కి తిరిగింది. అప్పుడు కనబడింది నాకు. సల్వారు అంచు లోపల, మడమ పక్కన, అరచేయంత నీలం ముక్క అతుక్కుని ఉంది.

"అమ్మా, కదలకు!"

వంగి నేనే ఊడదీశాను. జిగురు ఇంకా పచ్చిగానే ఉంది. ఆమె దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, స్టూలు మీద కూలబడి నవ్వింది. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను చూసింది అప్పుడే.

"ఫోన్ చెయ్ ముందు! ముక్క మంచిదేనని చెప్పు! కొయ్యొద్దని చెప్పు!" అన్నాను.

స్పీకరు పెట్టి ఇంజనీరుకు చేసింది. "సార్, ఆ నీలం పొర దొరికింది. నా సల్వార్‌కు అంటింది సార్."

"సరేనమ్మా. రేపు పట్టుకురండి. ముక్కను మాత్రం కోస్తాం."

బేరం చెడిపోతుంటే చూస్తూ ఊరుకోవడం నా రక్తంలో లేదు. ఫోన్ వైపు వంగి అరిచాను. "అయ్యా, దొరికింది కదండీ! బంగారంలాంటి ముక్కను ఎందుకండీ కొయ్యడం?"

"మీరెవరండీ?"

"నేనండీ... సేటునండీ."

"సేటుగారూ, ఆవిడ మాట ఆవిడది. మా కోత మాది. రెండూ ఉండాలి" అని పెట్టేశాడు.

రాకెట్ కంపెనీవాళ్ళతో సేటు ఫోన్‌లో గట్టిగా మాట్లాడాడని టీ అతను ఆ పూటే వీధంతా పంచాడు. నా పరపతికి మూలం అదీ.

ఆ నీలం ముక్కను, కొట్టు తెరిచిననాటి బోణీ నోటు పక్కన గోడకు అంటిద్దామని అడిగాను. ఆమె ఇవ్వలేదు. "లెక్కల పెట్టాలె" అని కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుంది. మర్నాడు ముక్కను కోశారు. లోపల ఏమీ లేదు. ఆమెను తీసుకున్నారు.

చేరాక ఒక్కసారి వచ్చింది, మెళ్ళో కార్డుతో. ఏమీ కొనలేదు. చేతులకు పౌడరు లేదు. అక్కడ చేతి తొడుగులిస్తారట. కొట్టి చూడటానికి రూపాయి బిళ్ళ బదులు చిన్న సుత్తి ఇచ్చారట, ఆ తర్వాత లోపల బోలు ఉందేమోనని మిషను కూడా వెతుకుతుందట.

"ఆ టోపీ పైకెళ్ళాక ఏమవుతుందమ్మా?" అని అడిగాను.

"ఊడి సముద్రంల పడ్తది."

"అయితే అదీ మిగలదన్నమాట. మన సినిమా కవచంలాగే."

"మిగలది సేటూ. పని అయినంక పడ్తది. అంతవరకు నిలవడాలె."

వెళ్ళబోతూ ఎంసీల్ డబ్బాను పక్కకు జరిపి, జేబులోంచి ఎర్ర మార్కరు తీసి, బోలు ఉన్నంత మేరా గుండ్రంగా గీసింది. "ఇప్పటికన్న దాచకు" అంది. తుడిచేద్దామనుకున్నాను. స్పిరిట్ డబ్బా చేతికందేంత దూరంలోనే ఉంది. తుడవలేదు.

ఇదంతా కుర్రాడికి చెప్పాను. పాపం, శ్రద్ధగా విన్నాడు. మధ్యలో రెండుసార్లు "అబ్బ!" అన్నాడు. తనకూ ఐటీఐ ఉందన్నాడు, ఫైబర్ పని వచ్చన్నాడు. చివర్లో ఆ ఎర్ర సున్నా మీద ఆప్యాయంగా చెయ్యి రాసి, నాకు ఏదో ఒక ఉపకారం చేసి వెళ్ళాలన్న ఆత్రంలో, "బాబాయ్, ఇక్కడ చిన్న బెజ్జం వేసి, పుట్టీ ఎక్కించి, మీ కౌంటరు రంగు కలిపి కొట్టేస్తే ఎవరికీ తెలీదండీ. నేనే చేసిపెడతా. డబ్బులేం వద్దు" అన్నాడు.

డబ్బుల్లేకుండా వచ్చేదాన్ని నేను వద్దనడం నాకు తెలిసి అదే మొదటిసారి.